సున్నా నడిమి చుక్క

నేను ఒక కారు ముందు బిగించిన రేకు ముక్కను. నంబరు ప్లేటు అంటారు నన్ను. మూరెడు పొడవు, జానెడు కూడా లేని వెడల్పు, పసుపు రంగు మీద నల్లని అక్షరాలు. జిల్లా గుర్తూ వరస అక్షరమూ మీకు అనవసరం. చివరి నాలుగు అంకెలు చెబితే చాలు: నాలుగు, సున్నా, ఏడు, ఒకటి.

విజయనగరంలో ఒక ఇరుకు సందులో ఏసుపాదం అనే పెయింటరు నన్ను రాశాడు. ఒకప్పుడు సినిమా హాళ్ళకి నిలువెత్తు బొమ్మలు వేసిన మనిషి. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయి, దుకాణాల బోర్డులకీ మాలాంటి రేకులకీ దిగాడు. అంకె మొదలుపెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు, పూర్తయ్యాక వదిలేవాడు. మనుషులు తమ పిల్లలకి పేరు పెట్టడానికి నెలల తరబడి ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడతారట. బండికి మాత్రం వరసలో ఏది వస్తే అదే పేరు. నా పేరు కోసం ఆఫీసులో ఎవరూ తర్జనభర్జన పడలేదు. ఏసుపాదం బిగబట్టిన నాలుగు ఊపిర్లు మాత్రం ఉన్నాయి.

నన్ను తీసుకెళ్ళడానికి వచ్చినవాడు తవిటినాయుడు. సాలూరు ట్యాక్సీ స్టాండులో పరమేశు అనే ట్రావెల్స్ యజమాని దగ్గర డ్రైవరు. బండి తెల్ల అంబాసిడర్. దాని బంపరుకి రెండు చివర్లా రెండు బోల్టులతో తవిటినాయుడే నన్ను స్వయంగా బిగించాడు. నా జత ప్లేటు కారు వెనక్కి వెళ్ళింది. ఆ రోజు నుంచి ఏడేళ్ళు, రోడ్డు నా మీదికి వస్తూనే ఉంది.

తవిటినాయుడికి అప్పటికి నలభై దాటాయి. పెళ్ళయిన రెండో ఏడే భార్య కామెర్లతో పోయింది. మళ్ళీ చేసుకోలేదు. రైసుమిల్లు వెనక ఒక గది, ఒక పొయ్యి, రెండు గిన్నెలు. పొద్దున్నే లేచి తన ముఖం కడుక్కోకముందు నా ముఖం తుడిచేవాడు. తడిగుడ్డ వేలికి చుట్టుకుని ఒక్కో అంకె మీదుగా, రాసినట్టే నడిపేవాడు. ఆ వేలు తప్ప నన్ను తాకిన మనిషి వేలు ఆ ఏడేళ్ళలో ఇంకొకటి లేదు.

కొండమీది ఊళ్ళ నుంచి రోగుల్ని దించడం అతని ముఖ్యమైన పని. ఘాటీ రోడ్డు మలుపులో చెయ్యి ఎత్తి నిలబడితే చాలు, ఆపేవాడు. నొప్పులు పడుతున్న ఆడవాళ్ళు, జ్వరంతో కళ్ళు తేలేసిన పిల్లలు, పాము కరిచిన కాలికి గుడ్డ కట్టుకున్న మగవాళ్ళు. ఆ కొండల్లో అందరికీ "నలభై డెబ్భై ఒకటి కారు" తెలుసు. ఆస్పత్రి దగ్గర దిగి, దండం పెట్టి, బండి నంబరు ఇంకోసారి చూసుకుని వెళ్ళిపోయేవారు. డ్రైవరు పేరు అడిగినవాళ్ళని నేను చూడలేదు. అతనూ చెప్పేవాడు కాదు. బండిలో ఎంతమంది ఉన్నా వాళ్ళ మాటలు వాళ్ళవి. తిరుగు ప్రయాణంలో ఖాళీ సీట్లతో ఒక్కడూ ఘాటీ ఎక్కుతున్నప్పుడు ఎప్పుడైనా కూనిరాగం తీసేవాడు. మలుపులో మనిషి కనిపిస్తే ఆపేసేవాడు.

నా సంగతీ అంతే. నన్ను చూసినవాళ్ళందరూ చదివారు. చదివాక ఇంక చూడలేదు.

ఎనిమిదో ఏడు పెళ్ళిళ్ళ కాలంలో పరమేశు ఇంకో తెల్ల అంబాసిడర్ కొన్నాడు. ఒడిశా సరిహద్దు అవతలినుంచి వచ్చిన బండి. కాగితాలు సరిగ్గా లేవు, పర్మిట్టు లేదు. బేరాలు మాత్రం గుమ్మం ముందు నిలబడి ఉన్నాయి. పరమేశు తవిటినాయుణ్ణి పిలిచి, ఇంజను విప్పదీయాలి, పది రోజులు ఇంటిపట్టున ఉండమన్నాడు. తవిటినాయుడు సరేనని తాళాలు ఇచ్చి వెళ్ళిపోయాడు. ఇంజను విప్పదీయలేదు. మర్నాడు పొద్దున్న షెడ్డు మేస్త్రి విప్పినవి నా బోల్టులు.

పాత కారు బంపరు మీద నేనున్న మేర ఇంకా కొత్తగా మెరుస్తోంది. దాన్ని చూశాక నాకు అర్థమైంది, ఏడేళ్ళుగా నేను ముందరి లోకాన్ని చూశానే గాని, ఆనుకుని ఉన్నదాన్ని ఎప్పుడూ చూడలేదని.

రెండో కారు బంపరుకి కన్నాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. నా చివర్లు వాటికి అందలేదు. మేస్త్రి డ్రిల్లు తెచ్చి నాకు రెండు కొత్త కన్నాలు వేశాడు. ఒకటి అక్షరాల సందున పడింది. రెండోది సరిగ్గా సున్నా నడుమన పడింది.

"సున్నాలో పడిపోనాది బాబూ," అన్నాడు మేస్త్రి.

"పడితే పడనీ. సున్నాలో ఏటుంటాది," అన్నాడు పక్కనే ఉన్న జోగులు. అతను పరమేశు బావమరిది. బండి నడపడం అప్పుడప్పుడే నేర్చుకున్నాడు. రెండో కారు తోలేది అతనే.

తెల్లగా మెరిసే కొత్త బోల్టు ఒకటి సున్నా నడుమన బిగిసింది. వెనక ప్లేటుకీ ఇలాంటి మరమ్మతే ఏదో చేశారు. నంబరు ఒకటే, రంగు ఒకటే. రోడ్డు మీది జనానికి తేడా తెలియలేదు. తెలిసింది నాకొక్కదానికే. ఈ కారు వణుకు వేరు, ఆగే తీరు వేరు. రెండో రోజు ఘాటీ మలుపులో ఒక ముసలాయన భుజాన పిల్లను వేసుకుని నిలబడ్డాడు. దూరం నుంచే నా అంకెలు పోల్చుకున్నాడు కాబోలు, ముఖం తేటపడింది, చెయ్యి ఎత్తాడు. జోగులు ఆపలేదు. దాటిపోతున్నప్పుడు ఆ చెయ్యి దిగిపోవడం చూశాను. నన్ను నమ్మి ఎత్తిన చెయ్యి అది.

నాలుగో రోజు మధ్యాహ్నం, పొద్దు కాస్త వాలాక, మామిడి తోటల మధ్య రోడ్డు మీద అది జరిగింది. ఎదురుగా ఒక మనిషి సైకిలు నడిపించుకుని వస్తున్నాడు. సైకిలుకి రెండు పక్కలా బుట్టలూ చేటలూ కొండలా కట్టి ఉన్నాయి. ముప్పై అడుగుల వెనక నెత్తిన తట్టతో అతని భార్య. జోగులు ముందున్న బస్సుని దాటబోయి, మళ్ళీ పక్కకి రాలేకపోయాడు. ఎడమ దీపం సైకిలుని కొట్టింది. బుట్టలు రోడ్డంతా దొర్లాయి. కారు ఆ భార్య ఎదుట, రెండు బారల దూరంలో ఆగిపోయింది.

ఆమె నన్ను చూసింది. మనిషి నన్ను అలా చూడటం అదే మొదలు. చదవడం కాదు, చూడటం. ముఖాన్ని చూసినట్టు. రెండు ఊపిర్లు తీసేంత సేపు. ఇంతలో జోగులు స్టీరింగు తిప్పేసి ఆమె పక్కనుంచి దూసుకుపోయాడు.

తరవాతి సంగతులు నేను పోలీసు స్టేషన్లో విన్నవి. ఆ మనిషి పేరు అసిరయ్య. ఆమె గురమ్మ. బుట్టలు అల్లి సంతల్లో అమ్ముకుంటారు. పిల్లలు లేరు. బస్సులోని జనం దిగి వచ్చేసరికి అసిరయ్య తల ఆమె ఒళ్ళో ఉంది, ఊపిరి లేదు. నంబరు చూశావా అని ఎవరో అడిగారు. గురమ్మకి చదువు రాదు. విరిగిన బుట్టలోంచి ఒక వెదురు బద్ద లాగి, రోడ్డు పక్క దుమ్ములో నా అంకెల్ని ఒక్కొక్కటిగా గీసింది. మనిషి తల ఒళ్ళోంచి దించకుండానే గీసింది. బస్సులోని ఒక మాస్టారు వాటిని చూసి కాగితం మీద రాసుకున్నాడు: నలభై డెబ్భై ఒకటి. సున్నా నడుమన ఆమె పెట్టిన చుక్కని ఆయన రాయలేదు. సున్నాలో చుక్క ఉండదని ఆయనకి తెలుసు మరి.

ఆ సాయంత్రమే పరమేశు నన్ను విప్పించి పాత కారుకి బిగింపజేశాడు, మళ్ళీ చివరి కన్నాలతోనే. రెండో కారుని పరమేశు అత్తవారి ఊరి పశువులశాలలోకి తరలించారు. మర్నాడు తవిటినాయుడికి కబురు వెళ్ళింది, బండి తయారైందని.

అతను వచ్చి తడిగుడ్డ వేలికి చుట్టుకున్నాడు. నాలుగు దాటి సున్నా మీదికి వచ్చేసరికి వేలు ఆగిపోయింది. గుడ్డ తీసి వట్టి వేలితో తడిమాడు. కన్నం అంచు ఇంకా పదునుగా ఉంది. లేచి వెళ్ళి పరమేశుని అడిగాడు. బంపరు మారుద్దామని కొలతలు చూశాం, తరవాత వద్దనుకున్నాం అన్నాడు పరమేశు. తవిటినాయుడు ఇంకేమీ అడగలేదు. తిరిగి వచ్చి మిగతా రెండు అంకెలూ తుడిచాడు. ఆ రోజు అతను కూనిరాగం తీయలేదు.

మూడో రోజు పోలీసులు వచ్చారు. బండినీ నన్నూ అతన్నీ కలిపే తీసుకెళ్ళారు. పరమేశు, ఆ రోజు కారు డ్రైవరు దగ్గరే ఉందని చెప్పాడు. షెడ్డు మేస్త్రి, తన దగ్గరికి ఏ బండీ రాలేదన్నాడు. బంపరుతో సహా నేను స్టేషను ఆవరణలో నిలబడి ఉన్నాను. వరండాలో బల్ల ముందు తవిటినాయుడు నిలబడి ఉన్నాడు. రాసుకుంటున్న హెడ్డు కానిస్టేబులు మంచివాడే. గొంతు పెంచలేదు.

"ఆ రోజు ఎక్కడున్నావు?"

"గదిలో ఉన్నానండి."

"ఎవరు చూశారు?"

తవిటినాయుడు ఆలోచించాడు. చాలాసేపు ఆలోచించాడు. హెడ్డు కలం పక్కన పెట్టి మరీ ఎదురుచూశాడు.

"ఆ అయిదు రోజుల్లో ఒక్క మనిషితోనైనా మాట్లాడి ఉంటావు కదయ్యా."

"ఓరోజు ఉప్పు కొన్నానండి. అది ఏ రోజో గేపకం నేదు."

అంతే. అబద్ధం చెప్పడానికి కూడా అతని జీవితంలో రెండో మనిషి లేడు. అది బెయిలు దొరికే కేసేనట. హామీ ఉండటానికి ఇద్దరు మనుషులు కావాలన్నారు. పరమేశు రానన్నాడు. స్టాండులో మిగతా డ్రైవర్లు పరమేశు ముఖం చూసి ఊరుకున్నారు. ఏడేళ్ళలో అతను ఆస్పత్రికి చేర్చినవాళ్ళు వందల్లో ఉంటారు. వాళ్ళకి అతని పేరు తెలియదు. అతన్ని సబ్‌జైలుకి తీసుకెళ్ళారు. గేటు దాటుతూ నా వైపు చూశాడు. ముఖం మీద మూడు రోజుల దుమ్ము ఉంది నాకు.

మర్నాడు గురమ్మని తెచ్చి నా ముందు నిలబెట్టారు. అదేనా అని అడిగారు. ఆమె నా ఎదుట గొంతుక్కూర్చుంది.

"ఇదే బాబూ. గాని సుక్క ఏదీ?"

ఏం చుక్క అన్నాడు హెడ్డు. ఆమె సున్నా మీద వేలు పెట్టింది.

"ఈ గుండ్రంది ఉంది సూడు, దీని నడాన తెల్లటి సుక్క మెరిసినాది. ఇప్పుడు కన్నమే ఉంది."

దుఃఖంలో ఉంది, ఏదో అంటోంది అనుకున్నారు. నంబరు సరిపోయింది, అది చాలన్నారు. డ్రైవర్ని గుర్తుపట్టగలవా అంటే ఆమె తల అడ్డంగా ఊపింది. "మనిసిని నాను సూడనేదు. అబద్దమాడను," అంది. ఎవరూ చుక్క మాట రాసుకోలేదు. ఆమె మాత్రం లేచి వెళుతూ వెళుతూ వెనక్కి తిరిగి ఆ కన్నం వంకే చూసింది.

పది రోజుల తరవాత బండిని పరీక్షించడానికి బ్రేక్ ఇన్‌స్పెక్టరు వచ్చింది. సుభాషిణి అని, ముప్పై అయిదేళ్ళ మనిషి. నలుగురూ ఆమె వెనక నడిస్తే విసుక్కుని, అందరినీ దూరంగా ఉండమని ఒక్కతే బండి చుట్టూ తిరిగింది. ఎడమ దీపం పాతది. దాని చుట్టూ పట్టిన మట్టి కూడా పాతదే. అంత మోపు ఉన్న సైకిలుని కొట్టిన బంపరు మీద గీత లేదు. తరవాత నా ముందుకు వచ్చింది. బంపరుకి రెండు కన్నాలు, నాకు నాలుగు. చివరి రెండింటికీ తుప్పు పట్టి ఉంది. లోపలి రెండింటి అంచులూ ఇంకా తెల్లగా ఉన్నాయి.

సబ్‌జైలు నుంచి తవిటినాయుణ్ణి తెప్పించింది. ఈ రెండూ ఎప్పుడు పడ్డాయని అడిగింది. అతను తల దించుకున్నాడు.

"నాకు ముందే తెలిసినాదండి. బండి తిరిగిచ్చినరోజే ఏలికి తగిలినాది. ఇంకా అడిగితే పనిలోంచి తీసేస్తాడని ఊరుకున్నాను. ఆ ఊరుకోడమే నా తప్పు."

ఆమె అతని మాట విని, సాక్షి ఎవరైనా ఈ ప్లేటు గురించి ఏమైనా చెప్పారా అని హెడ్డుని అడిగింది. ఆవిడ ఏదో చుక్క అందండీ అన్నాడు హెడ్డు.

గురమ్మని మళ్ళీ పిలిపించారు. సుభాషిణి తెల్లకాగితం, పెన్సిలు ఇచ్చి ఆ రోజు కనబడినదంతా గీయమంది. గురమ్మ పెన్సిలుని వెదురు బద్దలా పట్టుకుని నెమ్మదిగా గీసింది. నాలుగు. గుండ్రం. గుండ్రం నడుమన చుక్క. ఏడు. నిలువు గీత. సుభాషిణి ఆ కాగితాన్ని నా పక్కన పెట్టి చూసింది. చివరి కన్నాలతో బిగించి ఉంటే సున్నాలో బోల్టు ఉండదు. సున్నాలో బోల్టు మెరిసిందంటే ఆ రోజు నేను ఇంకో బండి మీద ఉన్నాను. చదువు వచ్చినవాళ్ళందరూ సున్నాని చదివారు. అక్కడ ఉన్నదాన్ని చూసింది చదువు రాని మనిషి ఒక్కతే.

నన్ను విప్పి, గుడ్డలో చుట్టి ఆమె జీపులో వేసుకుని రెండు రోజులు తిరిగారు. పరమేశు అత్తవారి పశువులశాలలో, గడ్డి వెనక ఆ కారు దొరికింది. ఎడమ దీపం పగిలి ఉంది. బంపరు ఎడమ కొస పళ్ళెంలా లోపలికి వంగి ఉంది. సుభాషిణి నన్ను పట్టుకుని ఆనించింది. సున్నా నడుమన పెట్టిన బోల్టు అడ్డం లేకుండా లోపలికి దిగిపోయింది. ఆ ఇంట్లోనే ఉన్న జోగులు అక్కడే కూలబడి ఏడ్చాడు. పరమేశు చెబితే చేశానన్నాడు. ఆ బోల్టు అంత తేలిగ్గా దిగడం నాకు మాత్రం సంతోషం కలిగించలేదు. అసిరయ్యని కొట్టిన బండికి నేను అంత బాగా సరిపోతానని నేననుకోలేదు.

తవిటినాయుణ్ణి విడిచిపెట్టారు. పంతొమ్మిది రోజులు. నేను మాత్రం బయటపడలేదు. నన్నూ వెనక ప్లేటునీ కలిపి సుతిలి తాడుతో కట్టి, అట్టముక్క మీద కేసు నంబరు రాసి తగిలించి, కోర్టులో కేసు వస్తువులు దాచే గదిలో పెట్టారు. ఒక నంబరు ఉన్నదానికి ఇంకో నంబరు ఇవ్వడం మనుషులకే చెల్లింది. ఆ గదిలో కత్తులూ కర్రలూ రక్తం ఎండిన చొక్కాలూ ఒక పిల్లాడి చెప్పూ ఉన్నాయి. కిటికీ లేదు. రోడ్డు నా మీదికి రావడం మానేసింది.

మూడేళ్ళకి విచారణ మొదలైంది. కానిస్టేబులు నన్ను తెచ్చి వరండా బెంచీ మీద పెట్టి, టీకి వెళ్ళాడు. ఆ బెంచీకి ఒక చివర గురమ్మ కూర్చుని ఉంది. రెండో చివర తవిటినాయుడు. జుట్టు పూర్తిగా నెరిసింది. మళ్ళీ స్టీరింగు పట్టలేదనీ, రైసుమిల్లులో కాపలా ఉంటున్నాడనీ ఆ పూట వాళ్ళ మాటల్లో విన్నాను.  ముందు ఆమే మాట కలిపింది.

"నాయుడుబాబూ, నీకు సదువొచ్చు గదా. ఇయి ఏటేటి అంకెలో సెప్పు."

అతను నా మీదికి వంగాడు. వేలు పెట్టి ఒక్కొక్కటే చెప్పాడు. ఆమె వెంట వెంట పలికింది. నాలుగు. సున్నా. ఏడు. ఒకటి. రెండోసారి అతను చెప్పకుండానే పలికింది.

"మూడేళ్ళు కళ్ళు మూస్తే ఇయే. పేర్లు తెల్దు. ఎవుల్నడగాలో తెల్దు," అంది.

తవిటినాయుడు, ఆ కన్నం సంగతి తాను ఆ రోజే గట్టిగా అడిగి ఉంటే ఆమెకి ఇన్ని తిరుగుళ్ళు తప్పేవన్నాడు. ఆమె తట్టలోంచి అరటిపండు తీసి అతనికి ఇచ్చింది. అతను తినకుండా చేతిలో పట్టుకునే లోపలికి వెళ్ళాడు.

ఆ తరవాతి వాయిదాలకి ఇద్దరూ ఒకే బస్సులో రావడం మొదలుపెట్టారు. బుట్టల మోపు అతని భుజం మీద ఉండేది. మిల్లుకి సెలవు పెట్టిన రోజుల్లో సంతకి సైకిలు అతనే తోసుకెళుతున్నాడని తెలిసింది. తీర్పు రోజున కోర్టు గుమస్తా వాళ్ళని చూసి, ఈయన నీకేమవుతాడని గురమ్మని అడిగాడు. ఎగతాళికి అడగలేదు, పేర్ల పక్కన ఏదో రాసుకోవాలనుకున్నాడు.

"ఏటీ అవడు బాబూ. నాను ఏ సంతకెల్లినానో, ఇంటికొచ్చినానో నేదో, ఈయనికి తెలుస్తాది."

గుమస్తా ఏమీ రాయలేదు. ఆ గడిలో పట్టే మాట కాదది.

జోగులికీ పరమేశుకీ శిక్ష పడింది. వాళ్ళు పైకోర్టుకి వెళ్ళారు. ఇంకో నాలుగేళ్ళు నేను ఆ గదిలోనే ఉన్నాను. గురమ్మా తవిటినాయుడూ మరి కనిపించలేదు. నా ఎదుట జరగాల్సిన పని ఏమీ మిగల్లేదు వాళ్ళకి. తలుపు తీసినప్పుడల్లా నేను చూసేదాన్ని. తీసినవాళ్ళు వేరే దేనికోసమో వచ్చేవారు.

చివరికి కేసు ముగిసిందనీ, గది ఖాళీ చేయాలనీ ఆర్డరు వచ్చింది. తాడు తెంచి, అట్టముక్క పీకేసి పాత ఇనుప సామాన్ల కొట్టుకి పంపారు. వెనక ప్లేటు కొలిమికి పోయే బస్తాలో పడింది. నన్ను ఒక మేకల కాపరి ఏరుకున్నాడు. ఎల్లమంద అని. అతని మేకలశాల తలుపుకి కింద ఒక పలక ఊడిపోయింది. ఆ సందుకి సరిపోతానని కొలుచుకున్నాడు.

రాతలు బయటికి కనిపిస్తే ఎవరైనా అడుగుతారని, వాటిని లోపలికి తిప్పి నా నాలుగు కన్నాల్లోనూ మేకులు కొట్టాడు. ఇప్పుడు నా వీపు రోడ్డు వైపు, ముఖం చీకటి వైపు. బండ్లు వెళ్ళే చప్పుడు వినిపిస్తుంది. ఏ బండో తెలియదు. పొద్దు వాలాక మేకలు లోపలికి వస్తాయి. వాటిలో ఒక ముసలిది రోజూ తలుపుకే ఆనుకుని పడుకుంటుంది. దాని డొక్క లేచి పడుతూ ఉంటే నాకు తెలుస్తుంది. దానికి అంకెలు అక్కరలేదు, చుక్కలు అక్కరలేదు.

నిన్న గట్టిగా వాన కురిసింది. లోపలికి చుక్క రాలేదు. ముసలిది కదలకుండా నిద్రపోయింది.